కారుకీ ఒక ప్రారంభ నిల్వ ఉంటుంది

(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సంవత్సరం ఈ సభలో డి.ఏ. బకాయిల గురించి, కమ్యుటేషన్ గురించి, లైఫ్ సర్టిఫికేట్ గురించి మాట్లాడే నన్ను ఈసారి "ఇంకేదైనా చెప్పండి, అందరికీ పనికొచ్చేది" అని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. అందుచేత కారు గురించి చెప్పదలిచాను. నేను మెకానిక్‌ని కాను. ముప్పై అయిదేళ్ళకు పైగా ఫైళ్ళు, రిజిస్టర్లు తప్ప మరో పనిముట్టు పట్టి ఎరగను. కాని మనలో చాలామంది పాత కార్లు ఉంచుకున్నవాళ్ళం. కొడుకులు, కూతుళ్ళు "అమ్మేయండి నాన్నా" అంటున్నా అమ్మలేని వాళ్ళం. నేను చేసిన ఒక తప్పు చెబితే మీరు అది చేయకుండా ఉంటారని నా ఆశ.

నా దగ్గర 2004లో కొన్న చిన్న పెట్రోలు కారు ఉంది. 2019లో దానికి పదిహేనేళ్ళు నిండాయి. పదిహేనేళ్ళు నిండిన సొంత కారుని రవాణా శాఖ వారికి చూపించి, మరో అయిదేళ్ళకి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలని మీకు తెలిసిందే. ఆ తనిఖీకి వెళ్ళే ముందు నాకొక బెంగ పట్టుకుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే ఇంజను నీరసంగా, ఇప్పుడో ఇంకాసేపటికో ఆగిపోతానన్నట్టు వణికేది. దీనినే ఐడ్లింగ్ సరిగా లేదంటారు. మన స్కూటర్ల రోజుల్లో "స్లో తగ్గింది" అనేవాళ్ళం.

స్కూటర్ల రోజులు గుర్తుకొచ్చాయి గనుక ఆ రోజుల వైద్యమే చేశాను. అప్పట్లో స్లో తగ్గితే కార్బురేటర్ దగ్గరున్న స్క్రూని స్క్రూడ్రైవరుతో అరచుట్టు తిప్పేవాళ్ళం, బండి గలగలమనేది. కారు బానెట్ ఎత్తి చూస్తే యాక్సిలరేటర్ తీగ వచ్చి తగిలే చోట అలాంటి స్క్రూ ఒకటి కనిపించింది. దాని తల మీద కంపెనీ వాళ్ళు వేసిన పసుపు రంగు చుక్క ఉంది. ఆ చుక్క "నన్ను ముట్టుకోవద్దు" అని చెప్పడానికే వేశారని నాకు తెలియదు. ఒక చుట్టూ పావూ తిప్పాను. ఇంజను శబ్దం పెరిగింది. తనిఖీ అయింది, కాగితం చేతికొచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ సంవత్సరం నవంబరులో మా ఆవిడకి రాజమండ్రిలో కంటి శుక్లం ఆపరేషన్ అయింది. మరునాడు కట్టు విప్పి, నల్లకళ్ళద్దాలు పెట్టి, దుమ్ము తగలనివ్వవద్దని చెప్పి పంపించారు. మేముండేది గోదావరికి ఇవతల, కొవ్వూరులో. పెట్రోలు ఖర్చని నేను మామూలుగా ఏసీ వేయను. ఆ రోజు దుమ్ము పడకూడదని అద్దాలన్నీ ఎత్తి ఏసీ వేసి బయలుదేరాను. 1974లో కట్టిన రోడ్డు కం రైలు వంతెన మీ అందరికీ తెలుసు. పైన ఇరుకు రోడ్డు, కింద రైళ్ళు, నాలుగు కిలోమీటర్ల దూరం. ముందెక్కడో ఏదో ఆగినట్టుంది, వాహనాలు నత్త నడక నడుస్తున్నాయి. నేను కాలు తీసిన ప్రతిసారీ ఇంజను ఆగిపోవడం మొదలెట్టింది. మళ్ళీ స్టార్ట్ చేయడం, పది గజాలు వెళ్ళడం, మళ్ళీ ఆగిపోవడం. ఒకసారి తాళం తిప్పితే అసలు అందుకోలేదు. వెనకాల బస్సు హారన్లు, పక్కనుంచి మోటారు సైకిళ్ళ వాళ్ళ మాటలు, లోపల ఉక్క. చివరికి అద్దం దించక తప్పలేదు. మా ఆవిడ ఆపరేషనైన కంటిమీద పమిట కొంగు అడ్డం పెట్టుకుని "ఏమండీ, కంగారు పడకండి" అంటుంటే నా చేతులు వణికాయి. ఏసీ ఆపి, ఒక కాలు బ్రేకు మీదా ఒక కాలు యాక్సిలరేటర్ మీదా సవరించుకుంటూ ఎలాగో అవతలి గట్టెక్కాం. కంటికి ఏ హానీ జరగలేదు, భగవంతుడి దయ. కాని ఇంటికొచ్చాక ఆవిడ అన్నమాట ఒక్కటే: "ఇకమీదట నేను ఆటోలోనే వస్తాను."

ఒక షెడ్డుకి తీసుకెళ్ళాను. వాళ్ళు చూసి "థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ పోయిందండీ" అన్నారు. కొత్తది వేశారు, రెండువేల పైచిలుకు తీసుకున్నారు. జబ్బు అలాగే ఉంది. అప్పుడు మన సంఘ సభ్యులే, పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ వర్క్‌షాపు చూసి రిటైరైన మిత్రులొకరు మా ఇంటికి వచ్చారు. పేరు చెప్పవద్దన్నారు గనుక మాస్టారనే అంటాను. ఆయన కారు ముట్టుకోకుండానే ముందు నాకు ఒక గంట పాఠం చెప్పారు. అందులో నాకు అర్థమైనంత మీకు మనవి చేస్తాను.

ఇంజనుకి పెట్రోలు ఒక్కటీ చాలదు, గాలి కావాలి. ఒక పాలు పెట్రోలుకి తూకంలో సుమారు 14.7 పాళ్ళ గాలి కలిస్తే పూర్తిగా మండుతుంది. గాలి వెళ్ళే గొట్టంలో బిళ్ళలాంటి తలుపు ఉంటుంది, అదే థ్రాటిల్. మనం యాక్సిలరేటర్ తొక్కితే ఆ తలుపు తెరుచుకుంటుంది. కాలు తీస్తే మూసుకుంటుంది. మూసుకున్నాక కూడా ఇంజను బతకడానికి కొంచెం గాలి కావాలి గదా. దానికి పక్కనుంచి ఒక సన్నని దారి ఉంటుంది.

అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కాలంలో ఈ లెక్కంతా కార్బురేటరే చూసుకునేది. దానికి బుర్ర లేదు, స్క్రూలే. అందుకే స్క్రూ తిప్పితే పని జరిగేది. పెట్రోలుని కంప్యూటరు లెక్కకట్టి చిమ్మే పద్ధతి 1967లోనే జర్మనీలో బాష్ కంపెనీ వారి డి-జెట్రానిక్‌తో ఫోక్స్‌వాగన్ 1600 కారులో వచ్చింది. మన దేశంలో పొగ నిబంధనలు బిగించిన 2000 సంవత్సరం ప్రాంతంలో చిన్న కార్లకీ వచ్చేసింది. మారుతి 800 కూడా ఆ ఏడాదే ఎంపీఎఫ్ఐ ఇంజనుతో వచ్చింది. అంటే మన ఇళ్ళలో ఉన్న పాత కార్లు కూడా చాలా వరకు కంప్యూటరు కార్లే. మనమే పాత స్క్రూడ్రైవరుతో ఉండిపోయాం.

ఇప్పుడు థ్రాటిల్ పొజిషన్ సెన్సర్ అంటే ఏమిటి? పాత వాల్వుల రేడియోలో సౌండు పెంచే మీట గుర్తుందా? లోపల నల్లని కార్బన్ పట్టీ మీద ఒక చిన్న వేలు పాకుతూ ఉండేది. ఈ సెన్సరూ సరిగ్గా అదే. థ్రాటిల్ తలుపు ఇరుసుకి ఒక చివర అమర్చి ఉంటుంది. దానికి మూడు తీగలు. ఒకదానిలో కంప్యూటరు 5 వోల్టులు పంపుతుంది, ఒకటి ఎర్తు, మూడోది జవాబు తెచ్చే తీగ. తలుపు మూసి ఉంటే జవాబు తక్కువ, చాలా కార్లలో అర వోల్టు దరిదాపు. పూర్తిగా తెరిస్తే 4 వోల్టులు దాటుతుంది. ఆ అంకెను చూసి డ్రైవరు కాలు ఎక్కడుందో కంప్యూటరు తెలుసుకుంటుంది.

ఇక్కడే కిటుకు ఉంది. జవాబు "మూసి ఉంది" అని వచ్చినప్పుడే ఐడ్లింగ్ బాధ్యత కంప్యూటరు తన మీద వేసుకుంటుంది. పక్క దారిలోని చిన్న వాల్వుని తెరుస్తూ మూస్తూ గాలిని సవరిస్తుంది. ఏసీ వేస్తే ఇంజను మీద బరువు పడుతుంది గనుక కాస్త ఎక్కువ గాలి ఇస్తుంది. వేగంగా పోతూ కాలు తీసినప్పుడు పెట్రోలు కాసేపు పూర్తిగా ఆపేసి మనకి ఆదా కూడా చేస్తుంది. ఇవన్నీ ఆ అంకె మీద ఆధారపడే పనులు.

నేను స్క్రూ తిప్పి ఏం చేశాను? తలుపు పూర్తిగా మూసుకోకుండా సందు పెట్టాను. సెన్సరు ఆ సందుని చూసి "కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది" అని కబురంపింది. కాలు ఉన్నప్పుడు ఐడ్లింగ్ చూసుకోవడం తన పని కాదని కంప్యూటరు ఊరుకుంది. ఏసీ వేయనన్నాళ్ళూ నేను పెట్టిన సందు గాలితో ఇంజను నెట్టుకొచ్చింది. వంతెన మీద ఏసీ బరువు పడగానే ఆదుకునేవాడు లేక ఆగిపోయింది. ఆ రోజు మా ఆవిడ కంటికి తగిలిన దుమ్ము నేను తిప్పిన స్క్రూ నుంచి వచ్చిందే.

నేను నోరు తెరుచుకుని వింటుంటే మాస్టారు అన్నారు: "మీరు ఇన్నేళ్ళు క్యాష్ బుక్ రాశారు కదండీ. ప్రారంభ నిల్వ తప్పు వేస్తే ఏమవుతుంది?" అందరూ ఒప్పుకునే సంగతే, ఆ తరవాత కూడికలన్నీ సరిగ్గా ఉన్నా ప్రతి పేజీ తప్పే. సాయంత్రం పెట్టెలో డబ్బు తగ్గిందని ఎవడో మధ్యలో ఒక అంకె దిద్దుతాడు. అప్పటికి సరిపోయినట్టే ఉంటుంది, ఆడిట్‌లో బయటపడుతుంది. నేను కారుకి చేసింది అదే. మధ్యలో అంకె దిద్దాను.

ఇక ఆయన చేసిన పని వరసగా చెబుతాను. మీరు స్వయంగా చేయకపోయినా, చేయించేటప్పుడు పక్కన నిలబడి చూడడానికి పనికొస్తుంది.

మొదటిది, అసలు ఐడ్లింగ్ ఎందుకు తగ్గిందో చూశారు. గాలి గొట్టం విప్పితే థ్రాటిల్ తలుపు అంచు చుట్టూ నల్లని జిడ్డు, వంటింటి చిమ్నీలా. ఏళ్ళ తరబడి పేరుకున్న ఆ మసి గాలి దారిని ఇరుకు చేసింది. ఇంజను ఆపి, గుడ్డతో, ఆ పనికి అమ్మే స్ప్రేతో శుభ్రం చేశారు. సెన్సరు మీదికి స్ప్రే పోకుండా జాగ్రత్త పడ్డారు. గాలి గొట్టాలు ఎక్కడైనా పగిలాయేమో, యాక్సిలరేటర్ తీగ మరీ బిగుతుగా ఉందేమో కూడా చూశారు. నాకు మొదట్లోనే కావలసింది ఈ అరగంట పని, అంతే. మిగతాదంతా నా చేతి చలవ.

రెండోది, నేను తిప్పిన స్క్రూని వెనక్కి తిప్పారు. ఒక చుట్టూ పావూ అని నాకు జ్ఞాపకం ఉండడం, తెగిన రంగు చుక్క రెండు ముక్కలూ మళ్ళీ ఒకచోట కలవడం మా అదృష్టం. చుక్క చెరిగిపోయినవాళ్ళు ఆ మోడలు సర్వీసు పుస్తకంలో చెప్పిన ప్రకారం పెట్టించాలి, అందాజుగా కాదు.

మూడోది కొలత. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటరు తెచ్చారు. హ్యాండ్ బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టాం. తాళం ఆన్ చేశాం గాని ఇంజను స్టార్ట్ చేయలేదు. మీటరుని డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల తీగ ఎర్తుకి, ఎర్ర తీగ సెన్సరు జవాబు తీగకి ఆనించారు. తీగ తొడుగుకి బెజ్జం చేయకుండా కనెక్టరు వెనకనుంచి సన్నని గుండుసూది దోపి కొలిచారు. స్క్రూ వెనక్కి తిప్పక ముందు 0.78 వోల్టులు. తిప్పాక 0.63. మా కారు మోడలు సర్వీసు పుస్తకంలో ఉండవలసింది అర వోల్టు దరిదాపు. అంటే షెడ్డువారు కొత్త సెన్సరు బిగించారు గాని దాని సున్న ఎక్కడుందో కొలవలేదన్నమాట. పాత సెన్సరు పోయిందో లేదో కూడా కొలిచి ఉండరు.

నాలుగోది సవరింపు. సెన్సరుని పట్టి ఉంచే రెండు స్క్రూల దగ్గర కోలగా కంతలు ఉన్నాయి. ఆ స్క్రూలు కొంచెం వదులు చేసి, సెన్సరుని వెంట్రుకవాసి తిప్పితే మీటరులో అంకె మారుతుంది. 0.50 చూసి బిగించారు, బిగించేసరికి 0.54 అయింది. మళ్ళీ వదులు చేశారు. అలా నాలుగుసార్లు. నాకు విసుగొచ్చింది గాని ఆయనకి రాలేదు. చివరికి బిగించాక కూడా 0.51 దగ్గర నిలబడింది. తరవాత తలుపుని చేత్తో మెల్లగా చివరిదాకా తెరిచి మూశారు. అంకె ఎక్కడా తడబడకుండా పైకి ఎక్కి, మళ్ళీ మెల్లగా 0.51కే దిగింది. మధ్యలో ఒక్కసారి సున్నకి పడిపోతే, పాత రేడియో మీట తిప్పినప్పుడు కరకరమన్నట్టు, లోపల పట్టీ అరిగిందని గుర్తు. అలాంటి సెన్సరుని ఎంత సవరించినా లాభం లేదు, మార్చాల్సిందే.

అయిదోది, తాళం తీసి బ్యాటరీ తీగ కొంతసేపు ఊడదీసి మళ్ళీ పెట్టారు, కంప్యూటరు పాత అలవాట్లు మరిచిపోవడానికి. యాక్సిలరేటర్ ముట్టుకోకుండా స్టార్ట్ చేసి, ఇంజను పూర్తిగా వేడెక్కే దాకా అలాగే వదిలేశారు. వీధిలో నిలబెట్టే చేశాం. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపితే వచ్చే కార్బన్ మోనాక్సైడు వాసన లేకుండానే ప్రాణం తీస్తుంది. వేడెక్కాక ఏసీ వేశారు. ఇంజను ఒక్క క్షణం దిగి, ఎవరో చెయ్యి అందించినట్టు మళ్ళీ లేచి నిలకడగా ఆడింది. పద్నాలుగేళ్ళు మా ఇంట్లో ఉన్నప్పుడు అది చేసినపనే, నేను చెడగొట్టినదే.

కొన్ని హెచ్చరికలు మనవి చేసి ముగిస్తాను. ఈ సవరింపు అన్ని కార్లకీ వర్తించదు. చాలా కార్లలో సెన్సరు స్క్రూలకి గుండ్రని కంతలే ఉంటాయి, తిప్పడానికి వీలుండదు. మూసిన చోటు ఏదో కంప్యూటరే నేర్చుకుంటుంది. కంతని ఆకురాయితో పెద్దది చేసి తిప్పుతామనేవాళ్ళకి దణ్ణం పెట్టి వచ్చేయండి. ఇప్పటి కొత్త కార్లలో యాక్సిలరేటర్‌కీ థ్రాటిల్‌కీ మధ్య తీగే ఉండదు, మోటారు తిప్పుతుంది. తాళం ఆన్‌లో ఉండగా ఆ తలుపులో వేలు పెడితే నలిగిపోతుంది. ఇంజను నడుస్తుండగా పంచెతో, భుజాన తువ్వాలుతో బానెట్ మీదికి వంగవద్దు, బెల్టు లాగేస్తుంది. ఇంజను బొమ్మ దీపం డాష్‌బోర్డు మీద వెలిగితే ముందు కోడు చదివించండి. పి0122 అంటే ఈ సెన్సరు జవాబు మరీ తక్కువని, పి0123 అంటే మరీ ఎక్కువని అర్థం. అది కూడా సెన్సరే పోయిందని తీర్పు కాదు, తీగ తెగినా, కనెక్టరు వదులైనా అదే కోడు వస్తుంది.

షెడ్డులో మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. థ్రాటిల్ శుభ్రం చేశారా? మూసినప్పుడు ఎన్ని వోల్టులు చూపించింది? ఈ మోడలుకి ఎంత ఉండాలి? ఈ మూడింటికీ జవాబు చెప్పినవారు చేయి వేస్తే భయం లేదు. కొలవకుండా సామాను మారుస్తామంటే, వోచరు లేకుండా బిల్లు పాస్ చేయమన్నట్టే. మనం సర్వీసులో ఎన్నడూ పాస్ చేయలేదు, ఇప్పుడెందుకు చేయాలి?

మరుసటి నెల కంటి చెకప్‌కి వెళ్ళాల్సిన రోజు నేను కారు బయటికి తీయలేదు, ఆవిడకి ఆటో పిలవబోయాను. మాస్టారు అప్పటికే ఆవిడతో మాట్లాడారట. వచ్చి కారులో కూర్చుంది. వంతెన మీద ఆ రోజు కూడా వాహనాలు ఆగి ఆగి నడిచాయి. ఏసీ వేసే ఉంది. నేను కాలు తీశాను. ఇంజను ఆగలేదు. ఆవిడ గోదావరి వైపు చూస్తూ, "ఈ కంటితో చూస్తుంటే నీళ్ళు ఎంత తేటగా ఉన్నాయండీ" అంది. కారు మాట ఎత్తలేదు. నాకు అంతకన్నా పెద్ద సర్టిఫికేట్ అక్కరలేదు. 2024లో రిజిస్ట్రేషన్ రెండోసారి పొడిగించుకున్నాను. ఈసారి బానెట్ ఎత్తాను గాని స్క్రూడ్రైవరు ఇంట్లోనే ఉంచాను.

 మల్టీమీటరు నా దగ్గర ఉంది. కావలసిన సభ్యులు సంతకం చేసి తీసుకెళ్ళవచ్చు, కాని తిరిగి ఇచ్చేటప్పుడు బ్యాటరీతో సహా అప్పగించాలి. సెలవు. నమస్కారం.